లక్క ముద్రలో ఈ-సిమ్

చింత అభివృద్ధి మండలి పెట్టి ముప్ఫై నాలుగేళ్ళయింది. ఈ ముప్ఫై నాలుగేళ్ళలో చింత ఏ మేరకు అభివృద్ధి చెందిందో చెప్పడం కష్టం గానీ, మండలి మటుకు విజయవాడ శివార్లలో రెండంతస్తుల నుంచి అయిదంతస్తులకు ఎదిగింది. ఆరో అంతస్తుకు శంకుస్థాపన కూడా అయింది.

ఆ మండలికి కొత్తగా వచ్చిన కమిషనర్ గారు ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, చేతికి తగిలే వస్తువు ఏదైనా సరే పాతకాలపుదన్న గట్టి నమ్మకంతో తిరిగొచ్చారు. వస్తూనే బల్లమీది గంట తీయించేసి, దాని బదులు ఫోన్లో ఒక యాప్ పెట్టించారు. యాప్ నొక్కి, మోగిందో లేదోనని తలుపు తీసి, వరండాలోకి వినపడేలా అరిచి కనుక్కునేవారు. ఆ ఊపులోనే ఒక సర్క్యులర్ జారీ చేశారు.

"ఇకమీదట విదేశీ పర్యటనకు వెళ్ళు అధికారులు ప్లాస్టిక్ సిమ్ కార్డులకు స్వస్తి పలికి, మండలి సమకూర్చు ఈ-సిమ్ మాత్రమే వినియోగించవలెను. పర్యటన కాలమంతయు సదరు ఈ-సిమ్ ద్వారా ప్రధాన కార్యాలయమునకు అందుబాటులో ఉండవలెను. ఇతర సిమ్ ఏదియు వెంట ఉండరాదు."

ఈ సర్క్యులర్ చూసి ఎవరూ కంగారు పడలేదు. మండలి పుట్టాక విదేశానికి వెళ్ళినవాడు లేడు. నెల్లూరు దాటినవాళ్ళనే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అంచేత అందరూ చదివినట్టు సంతకాలు చేసి ఊరుకున్నారు. సరిగ్గా పదకొండో రోజున ఈదర పానకాలరావుకు థాయిలాండ్ నుంచి ఆహ్వానం వచ్చింది.

పానకాలరావు మండలిలో ఉప పరిశోధనాధికారి. మండలి మొత్తం మీద పరిశోధన చేసేది ఆయనొక్కడే కాబట్టి, ఆయన ఎవరికి 'ఉప' అన్నది ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళ కిందట ఒక వేసవిలో, కనిగిరి దగ్గర, ఏసోబు అనే కూలీ అరవై అడుగుల చింతచెట్టెక్కి కాయ దులుపుతూ ఆయన కళ్ళముందే కిందపడ్డాడు. మడతమంచం మీద వేసి ఆటోలో తీసుకెళ్ళారు. మనిషి బతికాడు గానీ మళ్ళీ నడవలేదు. ఆనాటి నుంచి పానకాలరావుకు ఒకటే పట్టుదల. నేలమీద నిలబడి చేత్తో కోసుకునే చింత కావాలి. అంటు మీద అంటు కట్టి, పదమూడుసార్లు చేతులు కాల్చుకుని, చివరికి తొమ్మిది అడుగులు మించని, నాలుగో ఏటనే కాపుకొచ్చే చెట్టును సాధించాడు. దానికి పొట్టిచింత అని పేరు పెట్టి మండలికి నివేదిక ఇచ్చాడు. మండలి దాన్ని ఎంతో గౌరవంగా ఫైల్లో పెట్టింది.

థాయిలాండ్‌లో చింతతోటలకు పేరుపడ్డ ఫెచ్చబూన్ వాళ్ళు మాత్రం ఆ చెట్టు సంగతి ఎలాగో విన్నారు. అక్కడ జరిగే సభకు పదకొండు దేశాల నర్సరీల వాళ్ళు వస్తారు. పానకాలరావు పదిహేను నిమిషాలు మాట్లాడాలి. నచ్చితే పొట్టిచింతను వాళ్ళ వాళ్ళ తోటల్లో నాటి చూస్తారు. మళ్ళీ అలాంటి సభ జరిగేది నాలుగేళ్ళకు. పానకాలరావు రిటైరయ్యేది పదకొండు నెలలకు. ఆ పదిహేను నిమిషాలు తప్పితే ఆ చెట్టుకు ఇక ఫైలే గతి. ఈ సంగతి తెలుసు కాబట్టే, యాభై ఏడేళ్ళ మనిషి ఆహ్వానం చదువుకుని స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుని కాసేపు ఏడ్చాడు.

మండలి ఆర్డరు పెట్టిన ఈ-సిమ్ మర్నాడే మెయిల్లో వచ్చింది. వచ్చిందంటే వచ్చినదల్లా నల్లగళ్ళ చదరపు బొమ్మ, కింద నాలుగు వాక్యాలు. పానకాలరావు దాన్ని భార్యకు చూపించాడు. సామ్రాజ్యం ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొలతలు, డిజైన్లు, కస్టమర్ల దెప్పిపొడుపులు అన్నీ ఆమె ఫోన్లోనే ఉంటాయి.

"ఇందులో ఏముందండీ? నా ఫోన్లో ఈ బొమ్మ పెడతాను. మీ ఫోన్లో సెట్టింగ్స్‌లోకెళ్ళి ఈ-సిమ్ జోడించమంటే కెమెరా వస్తుంది. బొమ్మకి చూపించారా, దిగిపోద్ది. అక్కడ విమానం దిగాక ఆ లైనుకి రోమింగ్ ఆన్ చేసుకోవటమే. కుక్కరు మూడో కూత వేసేలోపు అయిపోద్ది. ఇటివ్వండి."

"ఆగు సామ్రాజ్యం, ఆగు. స్టోర్సు ద్వారా తీసుకోవాలి."

"గాల్లో వచ్చేదానికి స్టోర్సెందుకండీ?"

"రూలు."

ఆమె కత్తెర పక్కన పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. "సరే, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ బొమ్మ ఒక్కసారే పనిచేస్తుంది. ఏ ఫోన్లోకి దిగితే ఆ ఫోనుకే. మీ ఆఫీసులో ఎవరి చేతికీ ఇవ్వొద్దు, చేతులు కట్టుకుని చూడమనండి."

మండలి స్టోర్సు సూపరింటెండెంటు తుర్లపాటి భద్రయ్య నిజాయితీకి పెట్టింది పేరు. ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతికింద గుండుసూది పోలేదు. మండలికి వచ్చిన ప్రతి వస్తువునూ పొడవు, వెడల్పు, బరువు, రంగు, స్థితి అని అయిదు గళ్ళలో రాసి, ఆ తర్వాతే ఎవరికైనా ఇచ్చేవాడు. పానకాలరావు చూపించిన ఫోన్ తెరను కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"బొమ్మ బాగుందండి. వస్తువేదండీ?"

"ఇదేనండీ వస్తువు."

"చేతికివ్వండి మరి."

"చేతికి రాదండీ. అదే దాని గొప్ప."

భద్రయ్య రిజిస్టరు మూసేశాడు. "మీ మీద నాకు గౌరవముంది పానకాలరావు గారూ. కానీ బరువు లేని వస్తువు స్టోర్సులో ఉండకూడదండీ. ఉందని రాస్తే, రేపు ఆడిట్ వాళ్ళొచ్చి దాని బరువంతా నేను తిన్నానంటారు."

ఇద్దరూ మంచివాళ్ళే కాబట్టి మధ్యే మార్గం దొరికింది. బొమ్మను కాగితం మీద ప్రింటు తీశారు. కాగితాన్ని పానకాలరావు ప్రయోగశాలలో చింతగింజలు తూచే సున్నితపు త్రాసులో పెట్టారు. అయిదు గ్రాములు. రంగు: తెలుపు, నలుపు గళ్ళు. స్థితి: కొత్తది. భద్రయ్య తృప్తిగా మండలి గుండ్రటి సీలు తీసి, ఊదారంగు సిరాలో అద్ది, సరిగ్గా బొమ్మ నడిమధ్యలో వేశాడు. సీలు ఎంత చక్కగా పడిందో కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఆ తర్వాత ఆ బొమ్మను ఏ కెమెరా గుర్తుపట్టలేదు.

పానకాలరావు ఇంకో ప్రింటు తీస్తే భద్రయ్య మొహం మాడిపోయింది. మండలి తెప్పించింది ఒక్క సిమ్. ఇప్పుడు బల్లమీద రెండున్నాయి. ఎక్కువ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఏం చెప్పాలి? వారం రోజుల ఉత్తర ప్రత్యుత్తరాల మీదట మొదటి కాగితం అసలు, రెండోది నిజప్రతి అని తేల్చి, ఈసారి సీలు వెనకవైపు వేశారు. పానకాలరావు ఊపిరి పీల్చుకున్నాడు. ప్రయాణం ఇంకా పదిహేను రోజులుంది.

ఇక్కడ ఫైలు సంయుక్త సంచాలకులు నందీశ్వర ప్రసాద్ గారి గదికి ఎక్కింది. ఆయన ఏ ఫైలునూ తిప్పి పంపరన్న ఖ్యాతి ఉంది. అన్నిటి మీదా ఒక ప్రశ్న రాసి తన దగ్గరే పెట్టుకుంటారు. పానకాలరావును పిలిపించి కూర్చోబెట్టారు.

"విషయమును సాంగోపాంగంగా పరిశీలించాను. సదరు సిమ్ మీ ఫోన్లోకి ప్రవేశించిన పిమ్మట ఎక్కడ ఉంటుంది?"

"ఫోన్లోనేనండీ."

"ఫోన్లో ఏ భాగమున?"

"అదంటే... లోపల ఒక చిప్పు ఉంటుందండీ."

"ఆ ఫోన్ ఎవరిది?"

"నాదేనండీ. నా పుట్టినరోజుకి మా ఆవిడ కొనిచ్చింది."

నందీశ్వర ప్రసాద్ గారు వెనక్కి వాలారు. "చూశారా! ప్రభుత్వ వస్తువు ప్రైవేటు వస్తువు కడుపులో ఉంటుంది. ఇది మామూలు విషయమా? అంచేత పర్యటన కాలమునకు మీ ఫోనును ఫోనుగా కాక, సిమ్ ఉంచు సంచిగా పరిగణిస్తున్నాము. సంచితో సహా సిమ్ స్టోర్సు నుంచి తీసుకుని, సంచితో సహా అప్పగించవలెను."

సంచి అన్నాక దాన్నీ తూచాలి. మర్నాడు నందీశ్వర ప్రసాద్ గారి గదిలో, సున్నితపు త్రాసు సాక్షిగా, ఫోన్ తూచారు. నూట ఎనభై ఏడు గ్రాములు. తర్వాత పానకాలరావు భార్య చెప్పిన మాటలు మనసులో వల్లెవేసుకుంటూ, అందరినీ చేతులు కట్టుకోమని బతిమాలి, నిజప్రతికి కెమెరా చూపించాడు. నాలుగు నిమిషాల్లో తెరమీద "ఈ-సిమ్ సిద్ధం" అని వచ్చింది. మళ్ళీ వీలవుతుందో లేదోనని ఆ లైనుకి రోమింగ్ కూడా అప్పుడే ఆన్ చేసేశాడు. ఆయనకు ఎగిరి గంతేయాలనిపించింది. భద్రయ్య ఫోనును మళ్ళీ త్రాసులో పెట్టాడు.

నూట ఎనభై ఏడు గ్రాములు.

భద్రయ్య నుదురు తుడుచుకున్నాడు. "సిమ్ లోపలికెళ్ళిందండీ. అయిదు గ్రాములు ఏమైపోయాయండీ?"

"సిమ్‌కి బరువుండదు భద్రయ్యగారూ. ఆ అయిదు గ్రాములు కాగితానివి."

"రిజిస్టర్లో సిమ్ అయిదు గ్రాములనే ఉందండీ. మీరే తూచారు. మీ త్రాసే."

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి స్టోర్సులో తరుగు వచ్చింది. అయిదు గ్రాముల తరుగు మీద విచారణ పడింది. భద్రయ్య రెండు రోజులు అన్నం సరిగా తినలేదని ఆయన భార్య ఫోన్ చేసి మరీ పానకాలరావును దెప్పింది. మూడో రోజు భద్రయ్యకే దారి తట్టింది. నిజప్రతిని నాలుగు మడతలు పెట్టి ఫోన్ వీపుకు అంటించి తూచాడు. నూట తొంభై రెండు. "తరుగు పూడినది, విచారణ ముగించడమైనది" అని నందీశ్వర ప్రసాద్ గారు రాశారు.

పానకాలరావు ఫోన్ అందుకోబోయాడు. నందీశ్వర ప్రసాద్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇచ్చిన స్థితిలోనే తిరిగి అప్పగించవలెనని కదా నిబంధన. మార్గమధ్యమున ఎవరైనా సిమ్‌ను మార్చినా, తీసినా మనకెట్లు తెలియును? అంచేత ముద్రాంకితం చేయుట శ్రేయస్కరం."

గుడ్డ అతికించిన మందపాటి కవరు తెచ్చారు. అందులో ఫోన్ పెట్టి, పురికొస చుట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి, మూడుచోట్ల మండలి ముద్ర వేశారు. బ్యాటరీ మాటేమిటని పానకాలరావు గొణిగితే, అదీ ఆలోచించారు. ఛార్జింగ్ నిమిత్తం కవరు అడుగున అర అంగుళం రంధ్రానికి అనుమతి ఇచ్చారు. రంధ్రం కొలత రిజిస్టరులో రాశారు. "తిరిగి వచ్చిన పిమ్మట ముగ్గురు సభ్యుల సమక్షమున మాత్రమే విప్పవలెను" అని కవరు మీద ఎర్రసిరాతో రాశారు.

పానకాలరావు కవరును రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు. "అయ్యా, మరి అక్కడ నేను మాట్లాడటం ఎలాగండీ?"

"మాట్లాడమని ఎవరన్నారు? అందుబాటులో ఉండమన్నారు. దినమునకు ఒక పర్యాయం, ఉదయం పదిన్నరకు, మేము ఫోన్ చేస్తాము. అది మోగుతుంది. మోగినదంటే మీరు అందుబాటులో ఉన్నట్టే."

"ఎత్తకపోయినా?"

"ఎత్తవలెనని సర్క్యులర్‌లో ఎక్కడున్నది?"

ఇంటికొచ్చి ఆ కవరు బల్లమీద పెడితే సామ్రాజ్యం దాన్ని చూసి మొదట నవ్వింది. సంగతి విన్నాక నవ్వు ఆగిపోయింది. కుట్టు విప్పే బ్లేడు తీసుకొచ్చింది. "పక్కనించి సన్నగా కోసి, మళ్ళీ కుట్టేస్తానండీ. నా కుట్టు మీ భద్రయ్య తాతకి కూడా తెలీదు."

"వద్దు. పదకొండు నెలలుంది నాకు. ఇన్నేళ్ళు మచ్చ లేకుండా చేశాను. ఇప్పుడు చార్జి మెమో పడితే తట్టుకోలేను." పానకాలరావు నిజంగా భయపడ్డాడు. అలాంటి ఉద్యోగం చేసినవాళ్ళకు ఆ భయం చెప్పనక్కర్లేదు, చేయనివాళ్ళకు చెప్పినా తెలియదు.

సామ్రాజ్యం బ్లేడు లోపల పెట్టేసింది. బొమ్మలన్నీ పెన్‌డ్రైవులో వేసి, లాడ్జి చిరునామా, ఆఫీసు నంబరు, సభ పెట్టే ప్రొఫెసరు సుదా గారి నంబరు పెద్దక్షరాలతో కాగితం మీద రాసి జేబులో కుక్కింది.

బ్యాంకాక్‌లో దిగగానే కవరు మోగింది.

పానకాలరావు గర్వంగా చుట్టూ చూశాడు. ఇంతదూరం వచ్చినా ఆఫీసు తనను మరిచిపోలేదు. అది నిండుగా మోగి ఆగింది. మళ్ళీ మోగింది. సుదా గారు పంపే కారు కోసం బయట నిలబడితే ఆగకుండా మోగుతూనే ఉంది. ఒక్క పర్యాయమన్నారు కదా, మొదటి రోజు కదా, పరీక్షించుకుంటున్నారేమో అనుకున్నాడు. జనం దూరంగా జరిగి నిలబడ్డారు. గంటన్నర తర్వాత, పది గజాల దూరంలో ఒక టోపీ మనిషి చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, తలతిప్పి ఈయన వంక చూశాడు. ఫోన్ ఆపాడు. కవరు ఆగింది. మళ్ళీ నొక్కాడు. కవరు మోగింది. అలా మూడుసార్లు చేసి, దగ్గరకొచ్చి, కవరునూ లక్కముద్రలనూ ఈయన మొహాన్నీ మార్చి మార్చి చూసి, ఇదేదో పూజావస్తువని తీర్మానించుకుని రెండు చేతులూ జోడించాడు. అతనే కారు డ్రైవరు.

ఫెచ్చబూన్‌లో రెండు రోజులు హాయిగానే గడిచాయి. అక్కడి పన్నెండుకి మన పదిన్నర. రోజూ సరిగ్గా పన్నెండుకు కవరు ఒకసారి మోగేది. పానకాలరావు లేచి నిలబడేవాడు. ఆగాక కూర్చునేవాడు.

ఆయన ఉపన్యాసం మూడో రోజు, మధ్యాహ్నం మూడింటికి. ఆ పూట లాడ్జిలో కూర్చుని కాగితాలు చదువుకుంటున్నాడు. పన్నెండుకు కవరు మోగింది. ఆగింది. అయిదు నిమిషాలకు మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. ఆరుసార్లు. ఆరోసారికి ఆయనకు అనుమానం గట్టిపడింది. నందీశ్వర ప్రసాద్ గారు ఏ పనీ రెండుసార్లు చేయరు. జేబులోని కాగితం తీసుకుని కిందికి పరిగెత్తాడు. కౌంటరులో ఉన్న ముసలావిడకు సైగలతో చెప్పి, ఆవిడ ఫోన్ నుంచి సుదా గారికి చేశాడు. ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్. వెంటనే ఆఫీసుకు చేశాడు. అదృష్టమో దురదృష్టమో నందీశ్వర ప్రసాద్ గారే ఎత్తారు.

"అయ్యా, పానకాలరావునండీ. ఎవరో వదలకుండా ఫోన్ చేస్తున్నారండీ. అర్జంటు పనేమో. కవరు విప్పటానికి అనుమతి ఇప్పించండి."

"ఎక్కడి నుంచి చేస్తున్నారు?"

"లాడ్జి ఫోన్ నుంచండీ."

అవతల కాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "పర్యటనలో ఉన్న అధికారి మండలి ఈ-సిమ్ నుంచి చేసిన అభ్యర్థనలే పరిశీలించుటకు వీలవుతుంది. లాడ్జి ఫోన్లో మాట్లాడు వ్యక్తి పానకాలరావేనని మాకు ఎట్లు తెలియును?"

"నేనేనండీ! నా గొంతు మీకు తెలీదా అండీ?"

"గొంతు నిబంధనల్లో లేదు. కవరు విప్పుటకు అనుమతి కావలెనన్నచో కవరులోని ఫోన్ నుంచి అడగండి. సానుకూలంగా పరిశీలిస్తాము."

పానకాలరావు ఫోన్ పెట్టేశాడు. చేతిలో కవరు ఏడోసారి మోగుతోంది. దాన్ని చూస్తుంటే ఆయనకు చార్జి మెమో గుర్తుకు రాలేదు. ఏసోబు గుర్తొచ్చాడు. మడతమంచం మీద పడుకుని, "అయ్యా, కాయ బస్తా ఎవరన్నా ఎత్తారా?" అని అడిగిన మనిషి. పంతొమ్మిదేళ్ళ పని ఇప్పుడీ గుడ్డకవరు లోపలుంది. పానకాలరావుకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో మొదటిసారి ప్రభుత్వం మీద కోపం వచ్చింది. కౌంటరు మీది పళ్ళు కోసే కత్తి అందుకుని, మూడు ముద్రలూ టపటపా పగలగొట్టాడు. ముసలావిడ చప్పట్లు కొట్టింది.

పదకొండు మెసేజీలున్నాయి. సాయంత్రం వాన పడుతుందని తోట చూసే కార్యక్రమాన్నీ, దాంతోపాటు ఉపన్యాసాన్నీ ముందుకు జరిపారు. ఒంటిగంటకు. ఇక్కడ కాదు, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో తోట మధ్యనున్న షెడ్డులో. టైము పన్నెండు నలభై.

ఆయన సుదా గారికి ఫోన్ చేశాడు. ఆవిడ పంపిన మ్యాపు గుర్తు ఆధారంగా, ముసలావిడ మనవరాలి మోటార్ సైకిలు వెనక కూర్చుని, ఫోన్లో దారి చూసి చెయ్యి అటూ ఇటూ ఊపుతూ, ఒకచోట తప్పిపోయి, మళ్ళీ దారి పట్టుకుని, ఒంటిగంట దాటి ఆరు నిమిషాలకు షెడ్డులో అడుగుపెట్టాడు. చొక్కా నిండా దుమ్ము, చేతివేళ్ళకు లక్క పొడి. సుదా గారు మారుమాట లేకుండా మైకు చేతికిచ్చారు.

తెరమీద మొదటి బొమ్మ పడింది. మెడలో కొలతల టేపుతో సామ్రాజ్యం, నేలమీద నిలబడి, తలెత్తకుండా చింతకాయ కోస్తోంది. షెడ్డులో అందరూ ముందుకు వంగారు. ఏసోబు సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో పానకాలరావు నెల రోజులు సాధన చేశాడు. తీరా చెప్పేటప్పుడు ఆ వాక్యాలన్నీ మరిచిపోయి, "మా దగ్గర చింతపండు కోసం మనుషులు పడిపోతారు. ఇక పడక్కర్లేదు" అన్నాడు. అదే బాగా అందింది. మధ్యలో ఫోన్ మోగింది. తెరమీద ప్రధాన కార్యాలయం నంబరు. పానకాలరావు ఒక్కక్షణం చూసి, ఎర్ర బొత్తాం నొక్కి, అంటుకట్టే పద్ధతి చెప్పుకుపోయాడు.

పదకొండు దేశాల్లో తొమ్మిది దేశాల వాళ్ళు అంటుకొమ్మలు కావాలని పేర్లు రాసిచ్చారు. ఆ సాయంత్రం వానలో తడుస్తూ ఆయన ఇంటికి వీడియో కాల్ చేసి, ఆ కాగితం సామ్రాజ్యానికి చూపించాడు. ఆమె చదువుతూ చదువుతూ జాకెట్టు గుడ్డతో కళ్ళు ఒత్తుకుంది.

తిరిగొచ్చిన మర్నాడే ముగ్గురు సభ్యులు కూర్చున్నారు. నందీశ్వర ప్రసాద్ గారు, భద్రయ్య, న్యాయశాఖ నుంచి వచ్చిన ఒకాయన. బల్లమీద పగిలిన లక్క, చిరిగిన కవరు, ఫోన్. తూకంలో నూట తొంభై రెండూ సరిగ్గానే ఉన్నాయి. పానకాలరావు నిజప్రతిని జాగ్రత్తగానే ఉంచాడు. అయినా నందీశ్వర ప్రసాద్ గారి మొహం ప్రసన్నంగా లేదు.

"మూడో రోజున అందుబాటు లేకపోయె. లాడ్జి ఫోన్ విషయమై సందేహం కలిగి, పరిశీలనార్థం రెండోసారి ఫోన్ చేశాము. మోగి, మధ్యలో ఆగింది. అనగా ఎవరో ఆపారు. అది ఒకటి. పోతే, ప్రధాన అభియోగం." గొంతు సవరించుకుని చదివారు. "సదరు అధికారి తనకు అప్పగించిన ప్రభుత్వ ఈ-సిమ్‌ను విదేశంలో వినియోగించినట్టు ప్రాథమికంగా రుజువైనది."

"సర్క్యులర్‌లో వినియోగించవలెను అనే ఉందండీ," అన్నాడు పానకాలరావు.

"సర్క్యులర్ వేరు, స్టోర్సు వేరు. స్టోర్సు వస్తువు వినియోగిస్తే అయిపోతుంది. గడువు తీరిపోయి, ఇప్పుడు మీరు అప్పగిస్తున్నది ఖాళీ సంచి. అభియోగం అంగీకరిస్తున్నారా?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకు భయపడ్డ మనిషి హాయిగా నవ్వేశాడు. "అంగీకరిస్తున్నానండీ. వాడాను. బాగా వాడాను." చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఇకమీదట ఆయన్ను విదేశీ పర్యటనలకు పంపరాదని శిక్ష వేశారు. అక్కడ ఏం మాట్లాడారని, చింత సంగతి ఏమైందని ముగ్గురిలో ఎవరూ అడగలేదు.

పానకాలరావు బయటికొచ్చి నర్సరీ వైపు నడిచాడు. తొమ్మిది దేశాలకు పంపాల్సిన కొమ్మలు కోయాలి. వెనక నుంచి చెప్పుల చప్పుడు వినపడితే తిరిగి చూశాడు. భద్రయ్య. అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"కింద నిలబడి కోసుకోవచ్చంట కదండీ, నిజమేనా?"

"నిజమేనండీ."

"మా వదినండీ, ఇప్పటికీ ప్రతి వేసవీ కూలికి చెట్టెక్కుద్ది. అరవై దాటినయ్యండీ ఆమెకి. వద్దంటే వినదు." భద్రయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "వాళ్ళ పెరట్లో చోటుంది. ఒక్క మొక్క ఇప్పించగలరా?"

"ఒకటేమిటి, మూడు తీసుకోండి."

ఇద్దరూ నర్సరీలోకి వెళ్ళారు. పానకాలరావు మంచి అంట్లు మూడు ఏరి, వేళ్ళ దగ్గర తడిమట్టి అద్ది, గోనెగుడ్డ చుట్టి ఇచ్చాడు. భద్రయ్య వాటిని పసిబిడ్డల్లా పొదివి పట్టుకుని, గేటు దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ వెనక్కొచ్చాడు.

"పానకాలరావు గారూ, ఒక్క మాటండీ," అన్నాడు. "వీటిని రిజిస్టర్లో రాయొద్దండీ. రాస్తే బతకవు."